నాగరత్నం చదివిన ఆఖరి మూడు వారాలు

నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళ చేతులు మధ్యాహ్నం పూట ఊరికే ఉండవు. భోజనాలయ్యి, గిన్నెలు బోర్లించి వీధరుగు మీదకి చేరారంటే ఒళ్ళో దారపు ఉండ, చేతిలో లేసు సూది ఉండాల్సిందే. ఊళ్ళో అన్ని అరుగుల మీదా అదే పని. కాలవ లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరుగా చేసే వెంకన్న ఇంటి అరుగు మాత్రం వేరు. అక్కడ ముగ్గురు లేసు అల్లుతుంటే నాలుగో ఆవిడ సూది ముట్టుకునేది కాదు. ఆవిడ వెంకన్న పెళ్ళాం నాగరత్నం. ఆవిడ పని చదవడం.

ఆ ఏర్పాటు పెట్టింది పక్కింటి బుల్లెమ్మ. నాగరత్నం చదువుతూ ఒక కాగితం తిప్పిందంటే, వింటున్న వాళ్ళలో ఒకరు ఆవిడ వంతుకి ఒక లేసు పువ్వు అల్లి ఇవ్వాలి. రెండో కాగితం తిరిగితే రెండో మనిషి. కాగితం చప్పుడు కాగానే "ఇది నాదే" అని ఒకరు అనడం, కథ ఆగకుండా సాగిపోవడం. సాయంత్రం అయ్యేసరికి లేసు కొనే ఏజెంటుకి ఇవ్వాల్సిన పువ్వులు నాగరత్నం ఒళ్ళో ఉండేవి. ఆవిడ కావాలనే పెద్ద పెద్ద అక్షరాల పుస్తకాలు తెస్తోందని బుల్లెమ్మ దెప్పుతూ ఉండేది. అందులో కొంత నిజం లేకపోలేదు.

నాగరత్నం చదివింది ఎనిమిదో తరగతే. కానీ ఆవిడ చదువుతుంటే వినాలి. మాంత్రికుడికి ఒక గొంతు, ముసలి మంత్రికి ఒక గొంతు, రాజు గారికి కొంచెం జలుబు చేసినట్టుండే గొంతు. రాక్షసుడి గొంతు పెడితే లాకుల దగ్గర తలుపులెత్తుతున్న తనకి కూడా వినపడుతోందని వెంకన్న అనేవాడు. సంసారాల నవలలు ఆవిడకి గిట్టవు. అత్తా కోడళ్ళ గొడవ వినడానికి పుస్తకం ఎందుకు, గోడకి చెవి పెడితే చాలదా అనేది. ఆవిడకి ఎగిరే తివాచీలు కావాలి, పాతాళ బిలాలు కావాలి, మాట్లాడే చిలకలు కావాలి.

అలాంటివన్నీ పాలకొల్లులో చంద్రరావు గారి అద్దె పుస్తకాల కొట్లో దొరికేవి. చంద్రరావు గారు వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళని వారం వారం జాగ్రత్తగా చింపి, అయిపోయాక వరసగా పేర్చి, ఎర్ర గుడ్డ అట్ట వేసి బైండు చేయించేవారు. డెబ్బై ఎనిమిదిలో, తుఫాను వెళ్ళిన మూడు నెలలకి, అలాంటి కొత్త బైండు ఒకటి నాగరత్నం చేతికి వచ్చింది. పేరు 'వెండిమొసలి ద్వీపం'. ఆ బైండుని మొదట చదవబోయేది తనేనని తెలిసి, బస్సులో అది ఒళ్ళో పెట్టుకుని, దిగాల్సిన చోటు దాటిపోయి, రెండు మైళ్ళు వెనక్కి నడిచొచ్చింది.

కథ పడవవాడి కూతురు నీలవేణిది. ఆమె పాడితే నది ఆగి వినేది. ఒక మాంత్రికుడికి కన్ను కుట్టి, ఆమె గొంతు దొంగిలించి ఒక శంఖంలో బంధించి, వెండిమొసలి కాపలా కాసే ద్వీపంలో దాచేస్తాడు. నీలవేణి నోట మాట లేకుండా, తండ్రి పడవ వేసుకుని ఒంటరిగా బయల్దేరుతుంది. కథలో ఒక రాకుమారుడు కూడా ఉన్నాడు గానీ, ఆయన శాపం తగిలి చాలా భాగం మామిడిచెట్టుగానే నిలబడి ఉంటాడు. నాగరత్నానికి ఆ సంగతి చాలా నచ్చింది.

అప్పుడు అరుగు మీద వినేవాళ్ళు ముగ్గురు. బుల్లెమ్మ ఒకరు. ఊళ్ళోకెల్లా చురుగ్గా లేసు అల్లే రూతు ఒకరు. మూడో మనిషి బుల్లెమ్మ ఆడపడుచు మాణిక్యాంబ. ఇరవై రెండేళ్ళ పిల్ల. సముద్రం ఒడ్డు ఊరికి ఇచ్చి చేశారు. తుఫాను రాత్రి ఉప్పెన వచ్చి ఇల్లూ, మొగుడూ, గొడ్డూ గోదా అన్నీ పోయి, ఈమె ఒక్కతీ తాటిచెట్టు పట్టుకుని బతికింది. అన్న వెళ్ళి తీసుకొచ్చాడు. వచ్చిన నాటి నుంచి ఆ పిల్ల నోరు విప్పలేదు. పెడితే తినేది, లేకపోతే లేదు. డాక్టరు గారు గొంతులో ఏ లోపమూ లేదన్నారు. బుల్లెమ్మ ఆమెని రోజూ చెయ్యి పట్టుకుని తెచ్చి అరుగు మీద కూచోబెట్టేది. సూది ఇస్తే అల్లేది. కాగితం తిరిగినప్పుడు తన వంతు వస్తే, "నాదే" అనకుండా, నాగరత్నం వంతు పువ్వు మొదలు పెట్టేది.

నీలవేణి గొంతు పోయిన రోజున మాణిక్యాంబ చేతిలో సూది ఆగిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆమె కళ్ళు దారం మీద లేవు. నాగరత్నం పెదాల మీదే ఉన్నాయి. అది చూసిన నాగరత్నం రోజూ కొంచెం ఎక్కువ చదివేది. ఈ కథ మంచిగా ముగియాలి తల్లీ అని లోపల దణ్ణం పెట్టుకునేది. ముందే ఆఖరు పేజీలు చూసేస్తే సరిపోయేది, కానీ అలా చూడటం ఆవిడ దృష్టిలో దొంగతనంతో సమానం.

చివరికి ఒక మధ్యాహ్నం నీలవేణి ద్వీపం చేరి గుహలోకి అడుగు పెట్టింది. లోపల నూరు శంఖాలు. ఒకదాంట్లోనే ఆమె గొంతు. తప్పు శంఖం ముట్టుకుంటే తనే శంఖమైపోతుంది. నీలవేణి చెయ్యి చాచింది. నాగరత్నం కాగితం అడుక్కి వచ్చింది. వేలితో అంచు పట్టుకుంది. దాని వెనక మరో కాగితం లేదు. ఎర్ర అట్ట ఉంది.

తుఫానుకి రైలు పట్టాలు కొట్టుకుపోయి మూడు వారాలు ఆ వైపుకి ఏ పత్రికా రాలేదు. సరిగ్గా ఆ మూడు వారాల్లోనే సీరియల్ అయిపోయింది. చంద్రరావు గారు దొరికినంతవరకు కుట్టించేసి, ఆ మాట చెప్పడం మర్చిపోయారు. ఇదంతా నాగరత్నానికి తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే, ఎదురుగా మాణిక్యాంబ ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఇక్కడ పుస్తకం అయిపోయిందమ్మా అని ఆ పిల్లకి చెప్పడానికి నాగరత్నానికి నోరు రాలేదు.

"నీలవేణి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది," అంది నాగరత్నం, పుస్తకం మొహానికి కొంచెం దగ్గరగా పెట్టుకుని. "నేల మీద చతికిలబడి కూచుంది. శంఖాన్ని ముట్టుకోకుండా, చెవి మాత్రం దగ్గర పెట్టింది."

ఆ తర్వాత మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆవిడకే తెలియదు. మొదటి శంఖంలో ఒక తల్లి, పిల్లాడిని అన్నానికి పిలుస్తోంది. రెండో దాంట్లో ఒక తాత, పోయిన ఎద్దుని పేరు పెట్టి పిలుస్తున్నాడు. నీలవేణి ప్రతిదీ ఓపిగ్గా వింది. విన్న శంఖం దానంతటదే విచ్చుకుని, లోపలి గొంతు తన ఇంటికి తను వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ వినేవాళ్ళు లేకే అవి అక్కడ పడి ఉన్నాయి. తొంభై తొమ్మిది విన్నాక, నూరో శంఖం ఖాళీగా ఉంది. కాపలా ఉన్న వెండిమొసలి దగ్గరికొచ్చి, వెయ్యేళ్ళలో ఇంత ఓపికైన మనిషిని చూడలేదు, నీకేం కావాలమ్మా అని అడిగింది. నీలవేణికి గొంతు సంగతే గుర్తు రాలేదు. "ఆకలేస్తోంది. అన్నం పెట్టు," అంది. అన్నాక గానీ, తను మాట్లాడానని ఆమెకి తెలియలేదు. మొసలి వీపు వంచి, ఎక్కించుకుని, ఇంటికి తీసుకొచ్చింది. తండ్రి అన్నం పెట్టాడు. అంతే, అయిపోయింది.

బుల్లెమ్మ ముక్కు చీదుకుంది. సాయంత్రం ఎవరి పువ్వులు వాళ్ళు సర్దుకుని, నాగరత్నం వంతు ఆవిడ ఒళ్ళో పోసి వెళ్ళిపోయారు.

నాలుగో రోజు పొద్దున్న బుల్లెమ్మ, చేతికి అంటిన మెతుకులు కడుక్కోకుండా, పరిగెత్తుకుంటూ వచ్చింది. "రత్నం, మాట్లాడిందే. ఆకలేస్తోందొదినా, అన్నం పెట్టు అందే," అని గుమ్మంలో కూలబడి ఏడ్చింది. నాగరత్నం కూడా ఏడ్చింది. ఇద్దరూ ఎందుకు ఏడుస్తున్నారో తెలియక వెంకన్న లాకుల దగ్గరికి పోయాడు.

ఆ తర్వాత పదేళ్ళలో మాణిక్యాంబ మనిషి మారిపోయింది. రెండేళ్ళకే ఊళ్ళో వాళ్ళందరి లేసూ మూట కట్టుకుని నరసాపురం వెళ్ళి, ఏజెంట్లతో తనే బేరమాడటం మొదలుపెట్టింది. ఆమె వస్తోందంటే ఏజెంట్లు మంచినీళ్ళు తాగి సిద్ధంగా కూచునేవారట. నాగరత్నానికి అది చూస్తే ఎంత సంతోషమో అంత భయం. ఆ పిల్ల ఆ ముగింపుని పట్టుకుని లేచి నిలబడింది. అది పుస్తకంలో లేదని, తను అల్లి చెప్పిందని తెలిస్తే ఏమనుకుంటుంది? మళ్ళీ నోరు మూసేసుకుంటే?

దానికి తోడు ఇంకో బాధ. నాగరత్నానికి అసలు ముగింపు తెలియాలి. నీలవేణి నిజంగా ఏమైంది? నెలకోసారి పాలకొల్లు వెళ్ళి, "ఆ మూడు వారాలు దొరికాయాండీ?" అని అడిగేది. "ఎక్కడమ్మా, ఆ పత్రికే మూతపడిపోయింది," అనేవారు చంద్రరావు గారు. ఊరికో చుట్టం ఉన్నట్టు కొవ్వూరులో అడిగింది, నిడదవోలులో అడిగింది. ఎవరి దగ్గరా లేదు.

ఎనభై ఎనిమిదిలో రూతు పేపరు ముక్క పట్టుకొచ్చింది. 'వెండిమొసలి ద్వీపం' నవలని హిందీలో టీవీ సీరియల్‌గా తీశారట. పదమూడు ఆదివారాలు, పొద్దున్నే వస్తుందట. నాగరత్నం ఆ ముక్కని నాలుగుసార్లు చదివింది. పెళ్ళిచూపుల నాడు కూడా ఆవిడ గుండె అలా కొట్టుకోలేదు.

ఊళ్ళో టీవీ ఉన్నది రైసుమిల్లు దొరబాబు గారింట్లో. డాబా మీద కొబ్బరిచెట్టుతో పోటీపడే ఇనప గొట్టం, దాని మీద యాంటెన్నా. మొదటి ఆదివారం హాలంతా జనం. హిందీ ఎవరికీ రాదు. "నాగరత్నం గారు ముందుకు రండమ్మా, కథ మీకు తెలుసు కదా, మీరు చెబుతుంటే మేం చూస్తాం," అన్నారు దొరబాబు గారు. అలా ఆవిడ టీవీ పక్కన పీట వేసుకు కూచుని, రాని భాషని తెలుగు చేయడం మొదలుపెట్టింది.

చేస్తూ చేస్తూ తిట్టడం కూడా మొదలుపెట్టింది. పడవవాడి కూతురికి మెళ్ళో అన్ని నగలేంటి? గెడ అలాగేనా పట్టుకోడం, ఈ లెక్కన పడవ ఉన్న చోటే గుండ్రంగా తిరగదూ? ఆ మాటకి లాకుల వెంకన్నతో సహా అందరూ అవునన్నారు. వెండిమొసలికి పూసిన రంగు మూతి దగ్గర ఊడిపోయింది. అన్నిటికంటే ఒళ్ళు మండించింది రాకుమారుడు. పుస్తకంలో చాలా భాగం మామిడిచెట్టుగా ఉండాల్సిన మనిషి, రెండో వారానికే శాపం వదిలించుకుని గుర్రమెక్కాడు. "పేరున్న నటుడట. చెట్టుగా నిలబడమంటే నిలబడతాడా?" అంది రూతు.

అయినా నాగరత్నం ఒక్క ఆదివారం మానలేదు. నది ఆగి వినే చోట, నీళ్ళు నిజంగానే ఆగిపోతే, ఆవిడ చెప్పడం మర్చిపోయి నోరు తెరుచుకుని చూసింది. ఇన్నాళ్ళూ తన కళ్ళ వెనక మాత్రమే ఉన్నది గోడ పక్కన నిజంగా కదులుతోంటే, ఎన్ని తప్పులున్నా అది వేరే సంగతి.

పదకొండో వారం నుంచి ఆవిడకి అన్నం సయించలేదు. నీలవేణి ద్వీపం దగ్గరికి వచ్చేస్తోంది. అసలు ముగింపు తెలియబోతోంది. అది మాణిక్యాంబకి కూడా తెలియబోతోంది. ఉండలేక వెంకన్నకి అంతా చెప్పేసింది.

"టీవీవాళ్ళు మార్చేశారని చెప్పు, పోద్ది," అన్నాడు వెంకన్న. "రాకుమారుడిని మార్చలేదేంటి?"

మంచి ఉపాయమే. అయినా ఆఖరి ఆదివారం నాగరత్నం నిడదవోలులో చెల్లెలికి ఒంట్లో బాలేదని చెప్పి, సంచీ పట్టుకుని బస్సు కోసం గట్టు మీద నిలబడింది. బస్సు వచ్చింది, ఆగింది. పదేళ్ళుగా వెతికిన ఆఖరి మూడు వారాలు ఆ డాబా ఇంట్లోకి నడిచొస్తుంటే, తను నిడదవోలులో ఉండటమా? కండక్టరు రెండుసార్లు అడిగి, విసుక్కుని, రైట్ అన్నాడు. ఆవిడ సంచీతోనే దొరబాబు గారింటికి వెళ్ళి తన పీట మీద కూచుంది.

గుహ వచ్చింది. నూరు శంఖాలు వచ్చాయి. నీలవేణి చెయ్యి చాచింది. అప్పుడు గుర్రపు డెక్కల చప్పుడు. రాకుమారుడు కత్తి దూసి, ఒకే వేటుకి శంఖాలన్నీ పగలగొట్టాడు. మాంత్రికుడు పొగైపోయాడు. నీలవేణికి గొంతొచ్చి, మొట్టమొదట రాకుమారుడి పేరు పలికింది. ఆ తర్వాత పెళ్ళి, పెళ్ళిపాట. ఆ పాట సగంలో, మూల కూచున్న మాణిక్యాంబ లేచి, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా బయటికి వెళ్ళిపోయింది.

మాణిక్యాంబ మాట అనకుండా వెళ్ళడం ఆ ఊళ్ళో పదేళ్ళలో జరగలేదు. అది పుస్తకంలోని ముగింపో, టీవీవాళ్ళ ముగింపో కూడా నాగరత్నానికి పట్టలేదు.

ఆ మధ్యాహ్నం అరుగు మీదకి బుల్లెమ్మా, రూతూ వచ్చారు. మాణిక్యాంబ రాలేదు. బుల్లెమ్మ దారం విప్పుకుంటూ, "ఇదేం ముగింపమ్మా. మార్చేశారు. పుస్తకంలో ఇలా లేదు కదూ రత్నం?" అంది.

వెంకన్న చెప్పిన ఉపాయం నాలుక చివరే ఉంది. నాగరత్నం అనలేకపోయింది. అంతలో మాణిక్యాంబ వీధి మలుపు తిరిగి వస్తూ కనపడింది. ఆమె వచ్చి కూచునేదాకా ఆగి, తల వంచుకుని చెప్పేసింది.

"పుస్తకంలో ఏముందో నాకు తెలీదు. ఆఖరి మూడు వారాలు అందులో లేవు. చెవి పెట్టి వినడం, మొసలి అడగడం, అన్నం పెట్టమనడం, అదంతా నేను అల్లి చెప్పిందే. మాణిక్యం, నిన్ను మోసం చేశానే. పొద్దున్న నువ్వలా లేచి వెళ్ళిపోతే నాకు ప్రాణం పోయినట్టయింది."

"పొయ్యి మీద అన్నం పడేసి వచ్చాను అక్కా," అంది మాణిక్యాంబ. "పెళ్ళిపాట మధ్యలో గుర్తొచ్చింది. వెళ్ళేసరికి అడుగంటిపోయింది. మళ్ళీ వండి వచ్చేసరికి ఇంతసేపు."

రూతు నవ్వు ఆపుకోలేక సూది కింద పడేసింది. నాగరత్నం తలెత్తి చూసింది. ముగ్గురి మొహాల్లోనూ ఆశ్చర్యమన్నది లేదు.

"మాకు తెలీదనుకున్నావా నువ్వు?" అంది బుల్లెమ్మ. "ఆవేళ శంఖాల దగ్గర్నుంచి ఎంతసేపు చదివావు? గంటన్నర. ఎన్ని కాగితాలు తిప్పావు? ఒక్కటి తిప్పితే ఒట్టు. నీ కాగితం చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూచునేవాళ్ళం మేం. మాకు తెలీదూ?"

"నీ వంతు పువ్వులు ఎన్ని వెయ్యాలో అర్థం కాలేదు పిన్నీ," అంది రూతు. "తలా రెండు వేసేశాం."

"నేను మూడు వేశాను," అంది మాణిక్యాంబ.

పదేళ్ళ భయం ఇంత చిన్న సంగతి దగ్గర తేలిపోతుందని ఎవరనుకుంటారు? ఆనాటి సాయంత్రం ఒళ్ళో పోసిన పువ్వులు నాగరత్నం లెక్కపెట్టుకోనేలేదు. కళ్ళు తుడుచుకుంటూ, "మరి ఇన్నాళ్ళూ ఒక్కరైనా అనలేదేం?" అంది.

"అంటే నువ్వు మానేస్తావని," అంది మాణిక్యాంబ. ఆమె దారం వేలికి చుట్టుకుంది. "పుస్తకంలో ఉన్నదైతే ఎవరో ఎవరికోసమో రాసింది అక్కా. నువ్వు నా మొహం చూస్తూ చెప్పావు. నాకోసం ఒకరు అంత కష్టపడుతున్నారని ఆవేళే తెలిసింది నాకు. ఆ నాలుగు రోజులూ నీ మాటలే గొంతులో తిప్పుకున్నాను, ఎలా అనాలా అని."

గట్టు మీద నుంచి వెంకన్న వచ్చాడు. ఈసారి ఏకంగా నలుగురూ కళ్ళు తుడుచుకుంటుంటే చూసి, చెంబుతో నీళ్ళు తాగి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

చంద్రరావు గారి కొట్టు నుంచి తెచ్చిన కొత్త పుస్తకం ఒకటి గూట్లో ఉంది. నాగరత్నం అలవాటు కొద్దీ చెయ్యి చాచింది. మాణిక్యాంబ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది రేపు. నేను అడగాల్సిందొకటి పదేళ్ళ నుంచి అలాగే ఉండిపోయింది," అంది. "నీలవేణి తండ్రి అన్నం పెట్టాడు కదా. తిన్నాక ఏం చేసింది?"

నాగరత్నం ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ముగ్గురూ సూదులు తీసుకున్నారు. కాగితాలు లేని రోజు పువ్వుల లెక్క ఎలాగని ఎవరూ అడగలేదు.

"చెయ్యి కడుక్కుని, పడవ దగ్గరికి వెళ్ళింది," అంది నాగరత్నం.